నాటకము లేని నాటకశాల

విశ్వవిద్యాలయమనగా గ్రంథములు, ఉపన్యాసములు, పరీక్షలు, పట్టములు అని తలంచుట మనలో వాడుక. గానము, నాట్యము, నాటకము అచట ప్రవేశించినను అతిథులవలెనే ప్రవేశించును. ఉత్సవదినమున పిలువబడి మఱునాడు మఱవబడును. ఈ తలంపు మన దేశమునకే చెందినది కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 'థియేటరు' అని పేరు పెట్టి 1669లో తెఱచిన మందిరమున తొలి నాటక ప్రదర్శనము జరుగుటకు 346 సంవత్సరములు పట్టినది. దాత పేరున దానిని షెల్డోనియను నాటకశాల యందురు. ఒకే కప్పుక్రింద పెక్కు పనులను ఇముడ్చుటకు విద్యాపీఠములు చేసిన ప్రయత్నములలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని చరిత్రమును పరిశీలించితిమేని గోడలకును దూలములకును వెనుక మఱియొక నిర్మాణము కన్పట్టును. ఏది విద్య, ఏది వినోదము, ఎవరు విద్వాంసులు, ఎవరు కేవలము చూడవచ్చినవారు అను తీర్పులు అందు రాతితోపాటు కూర్చబడియున్నవి.

ఈ కట్టడము పుట్టుటకు కారణము ఒక చర్చి. ఆక్స్‌ఫర్డునందు 'ఆక్టు' అను పేర జరుగు పట్టప్రదానోత్సవము పూర్వము సెయింటు మేరీ చర్చిలో నడచుచుండెను. పండితవాదములు, లాటిను ప్రసంగములు, సంగీతము వీనితోపాటు ఒక వింత యాచారము కూడ కలదు. 'టెర్రే ఫీలియసు', అనగా భూమిపుత్రుడు, అను హాస్యగాడు లేచి విశ్వవిద్యాలయపు పెద్దలను ఎగతాళి చేయును. మన భాగవతములలోని హాస్యగానికి సెలవున్నట్లే ఆతనికిని ఏమైనను అనుటకు సెలవుండెను. ఆతని మాటలు పలుమాఱు హద్దుమీఱి బూతులదాక పోవుచుండెను. ప్రార్థన జరుగుచోట ఈ వేషము తగదని గిల్బర్టు షెల్డను తలచెను. ఆతడు ఆల్‌సోల్సు కళాశాలకు అధిపతిగా నుండి 1663లో కాంటర్బరీ ఆర్చిబిషప్పయ్యెను. మొదట 1,000 పౌనులిచ్చి, తక్కినది ఇతర దాతలు కూర్తురని ఎదురుచూచెను. దాతలు రాలేదు. తుదకు సుమారు 14,000 పౌనుల వ్యయమంతయు ఆతడే భరింపవలసివచ్చెను. చందాల విషయమున ఇట్టి యనుభవము మనవారికిని క్రొత్త కాదు. గమనింపదగినది వేఱొకటి. షెల్డను కళను విద్యాపీఠమునకు పిలుచుటకై ఇల్లు కట్టలేదు. హాస్యమును దేవుని యింటినుండి పంపివేయుటకై కట్టెను.

నిర్మాణభారము క్రిస్టఫరు రెన్ను అను యువకునిపై పడెను. ఆతని వృత్తి శిల్పము కాదు. ఆతడు ఆక్స్‌ఫర్డులో జ్యోతిశ్శాస్త్రాచార్యుడు. 1663 ఏప్రిలులో తన నమూనాను లండనులోని రాయలు సొసైటీ సభ్యులకు చూపెను. 1664లో పునాది పడునప్పటికి ఆతనికి 31 సంవత్సరములు. రోమునగరమందలి మార్సెల్లసు నాటకశాలను ఆదర్శముగా గైకొనెను. దానిని కన్నులార చూచినవాడు కాడు. పుస్తకములలోని పటములవలన ఎఱిగినవాడు. అర్ధచంద్రాకారమున మెట్టుపై మెట్టుగా ఆసనములు, ఎదుట వేదిక: ఇంతవఱకు చిక్కు లేదు. కాని రోమకుల నాటకశాలకు కప్పు లేదు. ఎండ కాచినచో త్రాళ్లపై గుడ్డ లాగుకొనెడివారు. ఆక్స్‌ఫర్డు వానకు గుడ్డ చాలదు. మందిరపు వెడల్పు 70 అడుగులు. నడుమ స్తంభములు నిలిపినచో చూచువారికి అడ్డు. అంత పొడవుగల దూలములు దొరకవు. అచ్చటి జ్యామితి ఆచార్యుడు జాను వాలిసు, పొట్టికఱ్ఱలను ఒకదానినొకటి మోయునట్లు అల్లి విశాలమైన యెడమును కప్పవచ్చునని అంతకుముందే లెక్కకట్టి చూపియుండెను. రెన్ను చిన్న కఱ్ఱలను అతుకులతో కూర్చి పెద్ద దూలములుగా చేసి, వానిని నిలువుకఱ్ఱలతోను ఏటవాలు కఱ్ఱలతోను పైనుండి పట్టి నిలుపునట్టి దూలకట్టును కల్పించెను. క్రింద ఒక్క స్తంభమైనను లేదు. 1677లో రాబర్టు ప్లాటు తన ఆక్స్‌ఫర్డుషైరు ప్రకృతిచరిత్రమున ఈ కప్పును ప్రత్యేకముగా వర్ణించెను.

క్రింద కూర్చున్నవారికి ఈ దూలములేవియు కనబడవు. రాబర్టు స్ట్రీటరు అను చిత్రకారుడు 32 పలకలపై ఆకాశమును వ్రాసి వానిని మఱుగుపఱచెను. బంగారు త్రాళ్లు ఆకాశమున కడ్డముగా కట్టబడినట్లును, ఎఱ్ఱని గుడ్డ చుట్టచుట్టి ప్రక్కకు లాగబడినట్లును, నడుమ సత్యదేవత కళలపైకిని శాస్త్రములపైకిని దిగివచ్చుచు అజ్ఞానమును తఱిమివేయుచున్నట్లును అందు కలదు. కప్పులేని రోమును కప్పుమీద వ్రాయించుకొనిరన్నమాట.

1669 జూలై 9వ తేదీన మందిరము తెఱువబడెను. జాను ఈవ్లిను ఆ యుత్సవమునకు వచ్చి తన దినచర్యయందు వ్రాసికొనెను. ఆ దినమున ప్రసంగించిన రాబర్టు సౌతు రాయలు సొసైటీని దూషించెను. ఆ సొసైటీ సభ్యుని బుద్ధిచేత నిలిచిన కప్పుక్రింద నిలువబడి ఆ దూషణము చేయుట! భూమిపుత్రుడును క్రొత్తయింట మంచివాడు కాలేదు. ఆతని మాటలను విని ఈవ్లిను రోసెను.

ఏడాదిలో కొన్ని దినములే జరుగు ఉత్సవమునకై ఇంత మందిరమును ఖాళీగా నుంచుట ఎట్లు? విశ్వవిద్యాలయమునకు అచ్చుకూటము కావలసియుండెను. జాను ఫెల్లు పూనికతో అచ్చుయంత్రములు నేలమాళిగలో చేరినవి. అచ్చయిన గ్రంథములు కప్పునకును చిత్రించిన ఆకాశమునకును నడుమనున్న అటకపై చేరినవి. అచ్చట ముద్రితములైన పుస్తకముల తొలిపుటయందు 'ఆక్స్‌ఫర్డు థియేటరున' అచ్చువేయబడినదని యుండును. కొన్నిటిపై మందిరపు బొమ్మయు కలదు. ఒక తరము పండితులకు ఆక్స్‌ఫర్డు థియేటరు అనగా రంగస్థలము కాదు, అచ్చాఫీసు. కాని కాపురము పొసగలేదు. అక్షరములు కూర్చువారికి వెలుతురును నెమ్మదియు కావలెను. ఉత్సవము వచ్చినపుడెల్ల పనివారు తొలగవలసి యుండెను. 1713 ప్రాంతమున అచ్చుకూటము ప్రక్కనే హాక్సుమూరు నిర్మించిన క్లారెండను భవనమునకు తరలిపోయెను. 1720లో నాటకశాల కప్పు కూలనున్నదని వదంతి పుట్టెను. పుస్తకముల బరువే కారణమని చెప్పుకొనిరి. శిల్పులు పరీక్షించి భయము లేదని తేల్చిరి. ఖాళీని నింపుట వేఱు, పనికి చోటు కల్పించుట వేఱు. ఈ భేదము నెఱుగక, ఒక్క హాలు కట్టి అందే సభలు, సంగీతము, నాటకము, పరీక్షలు జరుపుకొనుడని విద్యార్థులకు అప్పగించు కళాశాలలు మనలో నేటికిని ఎన్నియో కలవు.

సంగీతమునకు మాత్రము షెల్డోనియను మందిరమున గౌరవస్థానము దొరకినది. ఆక్స్‌ఫర్డునందు సంగీతమునకు 1626 నాటినుండియే హెదరు దత్తమైన ఆచార్యపీఠము కలదు. అది ప్రార్థనకు తోడు, గణితమునకు చుట్టము. 1733 జూలైలో హాండెలు తన 'అథాలియా'ను తొలిసారి ఇచ్చటనే వినిపించెను. టామసు హేర్ను అను వృద్ధపండితుడు హాండెలును ఆతని పరదేశపు ఫిడేలుగాండ్రను తన దినచర్యలో తిట్టిపోసెను. 1791 జూలైలో హైడనునకు సంగీతమున డాక్టరు పట్టమిచ్చిరి. ఆతడు ఇచ్చట మూడు కచేరీలు నడపెను. ఆ సందర్భమున వినిపించిన సింఫనీకి ఆక్స్‌ఫర్డు పేరే నిలిచినది, అది అంతకు రెండేండ్ల క్రిందటనే వ్రాయబడినదైనను. గంటలు మ్రోయించినందుకు ఒకటిన్నర గినీ, అంగీకి అర గినీ పుచ్చుకొనిరని ఆ మహానుభావుడు లెక్క వ్రాసికొనియుండుట చూడ నవ్వు వచ్చును. ఈ నడుమ, 1748లో, ప్రత్యేకముగా సంగీతమునకే హోలీవెల్లు వీథిలో ఒక చిన్నశాల కట్టుకొనిరి. కచేరీలకై కట్టిన శాలలలో యూరపునందు అదియే ప్రాచీనమని చెప్పుదురు. ఉత్సవముల నడుమ చోటు వెదకుకొను బాధ సంగీతమునకు ఇట్లు కొంత తీఱినది.

నాటకమునకు అట్టి యదృష్టము లేకపోయెను. విశ్వవిద్యాలయముల పరిసరములలో నాటకములాడరాదని 1737లో పార్లమెంటే చట్టము చేసెను. 1880వ దశాబ్దిలో బెంజమిను జౌవెటు వైస్‌ఛాన్సలరుగా నున్నపుడు విద్యార్థుల నాటకసమాజమునకు అనుమతి లభించెను. 1885లో ఆ సమాజము వెలసెను. నియమములు రెండు: షేక్స్‌పియరు నాటకములే ఆడవలెను, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెను. స్థానం నరసింహారావుగారి సత్యభామకు ముగ్ధులైన మన పెద్దలు ఈ రెండవ నియమమునకు ఏమందురో! దాని వెనుకనున్న భావము ఉదారమైనదని మేము చెప్పజాలము. మగపిల్లలు చీరకట్టుట తగదని వారి తలంపు. ఎట్లయిననేమి, రంగమునకు స్త్రీ రావచ్చెను. పట్టమునకు రాగూడదు. షెల్డోనియను మందిరమున స్త్రీలు మొదటినుండియు కూర్చుండుచునే యుండిరి, చూచువారుగా. పరీక్షలు వ్రాసి తీర్ణులైన పిమ్మటను వారు చూచువారే. 1889లో మన దేశమునుండి వెళ్లిన కర్నేలియా సొరాబ్జీ 1892లో న్యాయశాస్త్రపరీక్ష నిచ్చెను; ఆమెకు పట్టము చేతికి వచ్చుట 1922లో. నడుమ ముప్పది సంవత్సరములు! స్త్రీలకు మొట్టమొదట పట్టములిచ్చిన దినము 1920 అక్టోబరు 14. ఆ దినమున ఒక్క రాయియు కదలలేదు, ఒక్క ఆసనమును మార్చలేదు. శాల స్త్రీలకు ఎప్పుడును చాలియే యుండెను.

ఈ శాల వెలుపల జరిగిన ఒక పట్టప్రదానమును మఱవరాదు. 1940 ఆగస్టు 7న ఆక్స్‌ఫర్డువారు రవీంద్రనాథ ఠాకూరునకు గౌరవ డాక్టరు పట్టమును శాంతినికేతనమునకే పంపి యిచ్చిరి. వారి ప్రతినిధులుగా వచ్చినవారు సర్ మారిసు గ్వయరు, సర్వేపల్లి రాధాకృష్ణన్. రాధాకృష్ణన్ అంతకుముందు 1931 నుండి 1936 వఱకు మన ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరు. ఆయన కాలముననే 1933లో రవీంద్రుడు వాల్తేరునకు వచ్చి ఉపన్యసించెను. శాంతినికేతనమున లాటినున ప్రశస్తి చదువగా కవి సంస్కృతమున బదులు పలికెను. పాటయు, నృత్యమును, చిత్రలేఖనమును ఉత్సవమునకు అలంకారములుగా కాక దినదినము పాఠములుగా నడచుచున్న విద్యాపీఠము అది. షెల్డోనియను ఉత్సవము దానిని వెదకికొని వచ్చినది.

షెల్డోనియను రూపమును మెచ్చి సముద్రమవతల ననుకరించినవారును కలరు. అమెరికా అంతఃకలహమున మృతులైన తమ విద్యార్థులకు స్మారకముగా హార్వర్డువారు 1870 మొదలు 1878 వఱకు ఒక పెద్ద భవనము కట్టిరి. నడుమ 136 మంది మృతుల పేర్లుగల మంటపము; ఒకవైపు భోజనశాల; మఱియొకవైపు షెల్డోనియను పోలికతో శాండర్సు నాటకశాల. అది సుమారు వేయిమందికి చాలును. ఇచ్చట భోజనమునకును గానమునకును నడుమ మృతుల మౌనము నిలిచి, ఒకదాని సద్దు మఱియొకదానికి తగులకుండ చేయుచున్నది. అది ఉద్దేశించి చేసినదో కాదో కాని మంచి అమరిక.

ఆ నాటకశాలనుండియే ధ్వనిశాస్త్రమునకు సాయము వచ్చినది. 1895లో హార్వర్డువారు ఫాగు కళాప్రదర్శనశాలను తెఱచిరి, అందొక ఉపన్యాసశాల. ఆచార్యుడు పలికిన మాట గోడలకు తగిలి అయిదున్నర సెకండ్ల కాలము తిరుగుచుండ, ఆవల పలికిన మాట అందు మునిగిపోవుచుండెను. ఈ చిక్కు విప్పుమని వాలెసు సేబిను అను యువభౌతికశాస్త్రజ్ఞునకు ఒప్పగించిరి. ఆతడు రాత్రులయందు, వీథులు సద్దణగిన పిమ్మట, శాండర్సు నాటకశాలలోని ఆసనముల మెత్తలను మోసితెచ్చి ఉపన్యాసశాలలో పఱచును. ఆర్గను గొట్టమును మ్రోయించి, ధ్వని అణగువఱకు పట్టిన కాలమును కొలుచును. తెల్లవాఱకముందే మెత్తలను తిరిగి చేర్చును. గది పరిమాణము పెరిగినకొలది మ్రోత నిలుచుననియు, గుడ్డయు మనుష్యులును దానిని పీల్చుదురనియు, ఎంత పీల్చుదురో కట్టకముందే లెక్కింపవచ్చుననియు తేలెను. ఈ లెక్కతోనే 1900లో బోస్టను సంగీతశాల నిర్మింపబడెను. మాట స్పష్టముగా వినబడుటకు మ్రోత ఒక సెకండు ప్రాంతమున అణగవలెను. పెద్ద వాద్యబృందమునకు ఇంచుమించు రెండు సెకండ్లు కావలెను. ఒక్క శాల రెంటికిని సమముగా పనికివచ్చునని చెప్పువారు, తెరలు మార్చియో ఆసనములు కదల్చియో దానిని రెండు శాలలుగా చేయవలసినదే.

షెల్డోనియను రంగమున నాటకము తుదకు 2015లో వచ్చెను. విద్యార్థులు ఆర్థరు మిల్లరు రచించిన 'ది క్రూసిబులు'ను ఆడిరి. మంత్రగత్తెలని నిందించి అమాయకులను ఉరితీసిన కథ అది. మార్సెల్లసు నమూనా కది తగని కథ కాదు. తరువాత 2019లో ఆక్స్‌ఫర్డునకు 15 కోట్ల పౌనుల దానము లభింపగా, ష్వార్ట్సుమను కేంద్రమను భవనము హాప్కిన్సు శిల్పుల చేత నిర్మింపబడి 2025లో విద్యార్థులకు తెఱువబడెను. చరిత్రము, తత్త్వము, ఆంగ్లసాహిత్యము, సంగీతము మున్నగు ఏడు శాఖలును, గ్రంథాలయమును, 500 ఆసనముల సంగీతశాలయు, 250 ఆసనముల నాటకశాలయు ఒక్కచోట చేరినవి. చదువుకొనువాని ప్రక్కగదిలో భేరి మ్రోయవచ్చును. ఇట్టి కట్టడములలో సంగీతశాలను గదిలో గదివలె వేఱుగా నిలిపి, రబ్బరు దిమ్మెలపై మోపి, అదరు గోడలద్వారా పాకకుండ చేయుదురు. నాటకశాల ఇచ్చట ఉత్సవము నడుమ దొరకిన ఖాళీ కాదు. మొదటి పటముననే దానికి స్థలమును, వేళయు ఏర్పడినవి.

అయినను అచ్చట చదివి తీర్ణులైనవారు పట్టము పుచ్చుకొనవలెనన్నచో, నల్లని అంగీలు తొడిగి, వీథులు దాటి, రెన్ను నిలిపిన కప్పుక్రిందికే రావలయును. అచ్చట గట్టి చెక్కబల్లలపై తల్లిదండ్రులు కూర్చుండి లాటినును ఓర్పుతో వినుచుందురు.