రైలు మోతకు నిద్ర, గాలిమర హోరుకు మెలకువ

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి అది నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు తన ప్రధాన మార్గాన్ని పూర్తి చేసింది. ఆ మార్గంలోని పెద్ద కూడలి బిలాస్‌పూర్. 1931లో రాయపూర్ – విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఆంధ్ర తీరానికీ ఛత్తీస్‌గఢ్‌కూ నేరుగా రాకపోకలు సాధ్యమయ్యాయి. రైల్వే కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. రైల్వే కాలనీల నుండి తెలిపారా వంటి పేటల వరకు ఆ పట్టణం బ్రతుకు రైలుతోనే ముడిపడింది. బొగ్గు వ్యాగన్లు రాత్రంతా కదులుతూనే ఉంటాయి. అయినా పట్టాల పక్కన పెరిగినవారు ఆ మోతలో హాయిగా నిద్రపోగలరు.

మరి అంతకంటే ఎంతో మెల్లగా వినిపించే గాలిమర చప్పుడుకు కొన్ని ఊళ్లవారు నిద్ర పట్టడం లేదని ఎందుకు మొర పెట్టుకుంటున్నారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

1979లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో, బూన్ పట్టణం పక్కనున్న కొండపై 2 మెగావాట్ల గాలిమరను నెలకొల్పారు. దాని పేరు మాడ్-1. అది తిరగడం మొదలవగానే, చుట్టుపక్కల ఇళ్లలో కొందరు ఏదో ధన్ ధన్ మని కొడుతున్నట్టుందని ఫిర్యాదు చేశారు. శాస్త్రజ్ఞులు పరిశీలించగా కారణం తేలింది. ఆ మరలో రెక్కలు స్తంభానికి వెనుక వైపున ఉన్నాయి. స్తంభాన్ని దాటి వచ్చే గాలి చెదిరిపోతుంది. ఆ చెదిరిన గాలిలోకి రెక్క దూసుకుపోయిన ప్రతిసారీ తక్కువ పౌనఃపున్యం గల ధ్వని పుడుతుంది. 1983లో మాడ్-1ను విప్పేశారు. తర్వాత వచ్చిన పెద్ద మరల్లో రెక్కలను స్తంభానికి ముందు వైపున అమర్చడమే రివాజయింది.

అంతటితో సమస్య తీరలేదు. రెక్క అంచును గాలి ఒరుసుకుంటూ పోవడం వల్ల కూడా హోరు పుడుతుంది. ఈ ధ్వని శక్తి రెక్క కొన వేగానికి సుమారు ఐదవ ఘాతంలో పెరుగుతుంది. అంటే వేగాన్ని పదో వంతు తగ్గిస్తే ధ్వని శక్తి దాదాపు 40 శాతం తగ్గిపోతుందన్నమాట! గుడ్లగూబ ఈక అంచును చూసి, రెక్కల వెనుక అంచుకు రంపపు పళ్లు అమర్చే పద్ధతి కూడా వచ్చింది.

ఇక రాత్రి సంగతి చూద్దాం. సూర్యుడు అస్తమించాక నేల చల్లబడి, నేలనంటి ఉన్న గాలి నిశ్చలమవుతుంది. పైన మాత్రం గాలి జోరుగా వీస్తూనే ఉంటుంది. కింద ఆకు కదలదు, పైన మర ఆగదు! చెట్ల గలగల వంటి ఇతర శబ్దాలు లేనందున మర చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. జర్మనీ సరిహద్దులోని రీడె వద్ద 17 మరలున్న క్షేత్రాన్ని పరిశీలించిన వాన్ డెన్ బెర్గ్, రాత్రివేళ ధ్వని ముందుగా లెక్కించినదానికంటే 15 డెసిబెల్‌ల వరకు ఎక్కువగా ఉండవచ్చని 2004లో వెల్లడించాడు. సెకనుకు ఒకసారి చొప్పున వచ్చే దెబ్బలాంటి ధ్వనిని కూడా ఆయన గమనించాడు.

రైలుకూ మరకూ తేడా ఇక్కడే ఉంది. రైలు వస్తుంది, పోతుంది, తర్వాత నిశ్శబ్దం మిగులుతుంది. మర చప్పుడు హెచ్చుతూ తగ్గుతూ గంటల తరబడి సాగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా కోసం చేసిన సిఫార్సుల్లో రైళ్లకు 54 డెసిబెల్‌లు, గాలిమరలకు 45 డెసిబెల్‌లు పరిమితిగా సూచించింది. రాత్రి శబ్దానికి ఎక్కువ విలువ కట్టి లెక్కించిన సగటులివి.

మరొక విశేషం. నెదర్లాండ్స్‌లో 725 మందిని ప్రశ్నించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, మరల వల్ల ఆదాయం పొందేవారు ఎక్కువ శబ్దం వింటున్నా దాదాపు విసుక్కోలేదని తేలింది. చెవి ఒక్కటే వినదు, మనసు కూడా వింటుంది. రైలు కూత అన్నం పెట్టే కూత అయినప్పుడు అది మోతగా తోచకపోవడంలో వింత లేదు.

1990 దశకంలో అనంతపురం జిల్లా రామగిరి కొండలపై గాలిమరలు వెలిశాయి. ఆ తర్వాత రాయలసీమలో వాటి సంఖ్య ఎంతో పెరిగింది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల సగటును పరిమితిగా విధించాయి. అయితే సగటు అంకె మర చప్పుడులోని హెచ్చుతగ్గులను చూపదు.

బొగ్గు పొగ లేని విద్యుత్తు మనకు కావలసిందే. కాని ఆ విద్యుత్తు దూరపు పట్టణాలకు పోయి, చప్పుడు మాత్రం కొండ కింది పల్లెకు మిగిలితే అది న్యాయం కాదు. మర ఎక్కడ నిలపాలో నిర్ణయించే ముందు గాలి వేగంతోపాటు రాత్రి నిశ్శబ్దాన్ని కూడా కొలవాలి. ఆ పల్లెవారి మాట వినాలి, లాభంలో వారికీ పాలు ఉండాలి.