రథపు పందెములేలిన రాజధాని

క్రీస్తుశకము 330వ సంవత్సరమున కాన్‌స్టంటైను చక్రవర్తి బాస్ఫరసు జలసంధి చెంత తన నూతన రాజధానిని ప్రతిష్ఠించినపుడు, సెప్టిమియసు సెవరసు కాలమున ఆరంభమైన పందెపు రంగమును దాదాపు 450 మీటర్ల పొడవునకు పెంచి, దాని ప్రక్కనే తన ప్రాసాదమును నిలిపెను. హిప్పొడ్రోమను ఆ రంగమున చక్రవర్తి ఆసీనుడగు మంటపమునకు ప్రాసాదమునుండి నేరుగా దారి యుండెను. పన్నులు హెచ్చినను, అధికారి పీడించినను, ప్రజలు ఏలికకు ముఖాముఖి మొఱపెట్టుకొనుటకు, నాలుగేసి గుఱ్ఱములు పూన్చిన రథములు ఏడేసి చుట్లు పరువెత్తు ఆ పందెముల నడుమ తప్ప వేఱు తావు లేకపోయెను. ఆటకు రాజ్యాధికారమబ్బుటకు మూలమిదియేయని నా నిశ్చితాభిప్రాయము.

నీలి, పచ్చ, తెలుపు, ఎఱుపు అను నాలుగు పందెపు పక్షములలో కడపటి రెండును నామమాత్రములు కాగా, నీలివారును పచ్చవారును నగరమును పంచుకొనిరి. ముందు జుట్టు కణతలవఱకు కత్తిరించి, వెనుక హూణులవలె జాఱవిడిచి, మణికట్టుకడ బిగువై భుజముకడ మిక్కిలి వదులైన చేతుల అంగీలు తొడిగిన పక్షయువకులు పగలు కత్తులు దాచికొనియు, రాత్రులు బాహాటముగా ధరించియు దోపిడికి దిగెడివారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియసు వ్రాసెను. రంగుకొఱకు బంధుత్వమును సైతము త్రెంచుకొనిరట!

జీవనోపాధియు పక్షముల చేతిలోనే యుండెను. పచ్చవారి ఎలుగుబంట్లను సాకిన అకాసియసు మరణింపగా, ఆ కొలువు తన రెండవ భర్తకైన దక్కునేమోయని అతని భార్య, ముగ్గురు పసికూతుండ్రకు తలలందును చేతులందును పూదండలుంచి, నిండుసభలో మోకరిల్లజేసెను. పచ్చవారు కనికరింపలేదు, తమ కాపరియు అప్పుడే గతించియున్నందున నీలివారు ఆదుకొనిరి. ఆ బాలికలలో నడిమిది, తరువాత జస్టీనియను చక్రవర్తికి పట్టమహిషియైన థియొడోరా.

532 జనవరిలో అల్లరులకై ఉరిశిక్ష పడినవారిలో ఇరువురు, ఉరికంబము విఱుగుటచే బ్రతికిరి. ఒకడు నీలివాడు, మఱియొకడు పచ్చవాడు. వారిని క్షమింపుమని జనులు వేడగా, జస్టీనియను 22వ పందెమువఱకును పలుకడయ్యెను. అంతట బద్ధవైరులైన రెండు పక్షములును ఏకమై, జయింపుమను నర్థముగల ‘నికా’ ఘోషతో వీధులపై బడిరి. హేగియా సోఫియా దేవాలయము దగ్ధమయ్యెను. కాపడోకియా జాను, ట్రిబోనియను మొదలగు అధికారులను తొలగింపుమని కోరిరి, చక్రవర్తి తొలగించెను, కాని అప్పటికే ఆలస్యమై, ఒక పూర్వచక్రవర్తి మేనల్లుడైన హైపేషియసునకు వారు కిరీటము పెట్టిరి. పలాయనమునకు సిద్ధపడిన భర్తను థియొడోరా నిలిపెను. రాజోద్యోగి నార్సీసు ధనముతో నీలివారిని చీల్చెను. సేనానులైన బెలిసేరియసు, ముండసు తమ సేనలతో రంగద్వారములందు ప్రవేశించి, వెలికి దారిలేని జనసమూహమును ఊచకోత కోసిరి. ప్రొకోపియసు లెక్కకు మృతులు 30,000 మందికి పైబడిరి.

వీరిని పందెపు పిచ్చి పట్టినవారని చరిత్రకారులు త్రోసిపుచ్చుట నాకు సహింపరానిది. వారి కోర్కెలలో రథముల ప్రసక్తియే లేదు. ఉరి తప్పినవారిని క్షమింపుమనుటయు, పన్నులు పిండిన జానును, న్యాయమును అమ్ముకొనెడివాడని జనులు నిందించిన ట్రిబోనియనును తొలగింపుమనుటయు వారి ప్రార్థనలు. ఆ ఊచకోత పిదప పందెములు పెక్కేండ్లు నిలిచిపోయెను. జాను ఆ సంవత్సరమే మరల అధికారమునకు వచ్చెను. ట్రిబోనియనును కొలదియేండ్లలో తన పదవిని తిరిగి పొందెను.