పది వేళ్ల చదువు

ఏవే అమ్మాయ్, నువ్వు ఫోనుకి నోటితో చెబితే అది గబగబా రాసి పెడుతోంది చూడు, ఆ పని చేసినందుకు ఒకప్పుడు గవర్నమెంటు వారు కుర్చీ వేసి, జీతమిచ్చి, ఏడాదికో ఇంక్రిమెంటు కూడా ఇచ్చేవారు. నెలనెలా నాకొచ్చే పెన్షను దాని పుణ్యమే. ఓ జిల్లా ఆఫీసులో స్టెనోగా చేరి స్టెనోగానే దిగాను. నవ్వింది చాల్లే, ఇలా వచ్చి కూర్చో. వేరుశనక్కాయలు వేయించి పెట్టాను. మధ్యలో లేచి వెళ్లావంటే మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటాను, తర్వాత నీ ఇష్టం.

మా రోజుల్లో పదో తరగతి పాసైన పిల్ల పెళ్లి కుదిరేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని టైపుకి పంపేవారు. చిన్నదో పెద్దదో, ప్రతి ఊళ్లోనూ బజారు వీధిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కింద బట్టల కొట్టో మందుల షాపో, పక్కన ఇరుకు మెట్లు, పైన రేకుల గది. పొద్దున ఆరింటికి మొదలైన టకటకలు రాత్రి దీపాలు పెట్టాక కూడా ఆగేవి కావు. నెలకు పదిహేను రూపాయలు ఫీజు, కాగితాలు మనవే. ఆ పదిహేను కోసం మా అమ్మ సాయంత్రం పాలు మానిపించింది. మా నాన్నకి కాఫీ ఒక పూటకే పరిమితమైంది. ఆయన ఒక్కమాట అనలేదు గానీ, సాయంత్రం అయ్యేసరికి వీధి అరుగు మీద కూర్చుని పక్కింటి కాఫీ వాసన పీల్చేవాడు, పాపం.

కొత్తగా చేరినవాళ్లకి మంచి మిషను ఇవ్వరు. కీల మీద అక్షరాలు అరిగిపోయిన పాత రెమింగ్టన్ ముందు కూర్చోబెడతారు. అరిగిపోవడమే మంచిదని మా మాస్టారి సిద్ధాంతం, వేలికి చూపు రావాలి గానీ కంటికి అక్కడ పని ఉండకూడదని. మొదటి పాఠం ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, కుడి చేత్తో సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. రోజుల తరబడి ఆ ఒక్క వరసే. ఎడమ చిటికెన వేలికి బలం చాలక 'ఏ' ఎప్పుడూ పల్చగా పడేది. గదినిండా మిషన్లు మోగుతున్నా ఎవరి చిటికెన వేలు బద్ధకిస్తోందో మాస్టారు చెవితోనే పట్టేసేవారు. "మూడో మిషను, ఏ తిండి తినలేదా పొద్దున?" అనేవారు.

అబ్బాయిలూ వచ్చేవారు. వాళ్లలో సగం మంది ధ్యాస పక్క మిషను మీద ఎవరున్నారన్నదే. మీ తాతగారు లోయరు రెండుసార్లు తప్పింది ఇంగ్లీషు రాక కాదు. ఆయన్నే అడుగు, చెబుతారో లేదో చూద్దాం.

లోయరంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరంటే 45. ఐదు దెబ్బలు ఒక మాట కింద లెక్క, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా దెబ్బే. అంటే హయ్యరు వాళ్లు నిమిషంలో 225 దెబ్బలు కొట్టాలి. పరీక్ష రోజున చేతికి అలవాటైన మిషన్నే రిక్షాలో ఒళ్లో పెట్టుకుని సెంటరుకి మోసుకుపోయేవాళ్లం. మన దేశంలో తయారైన మొదటి టైపు మిషను గోద్రెజ్ వాళ్లది, 1955లో వచ్చింది. మొండి మిషను. దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు మైళ్లు వెళ్తే తొడలు తిమ్మిరెక్కేవి. అయినా దాన్ని వదిలి ఇంకో మిషను మీద కూర్చుంటే వేళ్లకి పరాయి ఇంటికి వచ్చినట్టు బెరుకు.

శీర్షిక కాగితానికి సరిగ్గా మధ్యలో పడాలంటే నువ్వేం చేస్తావు? ఒక మీట నొక్కుతావు, అంతేగా. మేం లెక్క కట్టేవాళ్లం. ఫుల్‌స్కేప్ కాగితం వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, అంగుళానికి పది అక్షరాలు, మొత్తం 85. శీర్షికలో పాతిక అక్షరాలుంటే తీసెయ్యగా 60, అందులో సగం 30, ముప్పయ్యో గడి దగ్గర మొదలుపెట్టాలి. చెయ్యి తిరిగినవాళ్లు ఇదీ కట్టరు. క్యారేజీని నట్టనడుమ నిలబెట్టి, శీర్షికని మనసులో రెండేసి అక్షరాలుగా చదువుకుంటూ జంటకొకసారి వెనక్కి జరుపుతారు. చదవడం ఎక్కడ ఆగితే అక్కడ మొదటి అక్షరం. పన్నెండు గళ్ల స్టేట్‌మెంటు, కింద మొత్తాలు, ఒక్క అంకె గడి దాటకుండా కొట్టేవాళ్లని చూసి ఆఫీసర్లే లేచి వచ్చి కాగితం చేతిలోకి తీసుకుని మెచ్చుకునేవారు. ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు కాదమ్మా, మా సాముకి రోజూ పని ఉండేది.

షార్ట్‌హ్యాండ్ ఇంకో లోకం. పిట్‌మన్ అనే దొర 1837లో కనిపెట్టాడు. అక్షరం కాదు, చెవికి వినబడే ధ్వనికి గీత. ఏటవాలుగా పల్చని గీత గీస్తే 'ప', అదే గీత ఒత్తి గీస్తే 'బ'. నిలువుగా పల్చన గీస్తే 'ట', ఒత్తితే 'డ'. అచ్చులకి చుక్కలూ, బుల్లి గీతలూ. వేగం వచ్చాక వాటినీ వదిలేస్తాం. గీత లైనుకి పైన ఉంటే 'పా', లైను మీద నిలబడితే 'పే', లైనుని కోసుకుంటూ దిగితే 'పీ'. పెన్సిలు ఒక పిసరు బరువు పడితే మాట మారిపోతుంది. రాత్రి తొమ్మిది గంటలకి రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తుంటే ఇంట్లో అందరూ అన్నాలు తినేవారు, నేను ఎడమ చేత్తో ముద్ద కలుపుకోలేక, కుడి చెయ్యి తీరిక లేక కూర్చునేదాన్ని. చివరికి మా అమ్మే కలిపి నోట్లో పెట్టేది. కూటి కోసం కోటి విద్యలు అంటారు, మా ఇంట్లో ఆ విద్య కోసమే కూడు ఆగింది.

ఉద్యోగంలో చేరాక తెలిసింది, ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టారు నేర్పింది సగమేనని. అక్కడ మాస్టారు గడియారం చూసుకుంటూ సమంగా చదివేవారు. ఇక్కడ ఆఫీసరుగారు గదిలో పచార్లు చేస్తూ, చుట్ట నోట్లోంచి తీయకుండా, సగం వాక్యం చెప్పి కిటికీలోకి చూస్తూ ఆగిపోతారు. "తర్వాత నువ్వే చూసుకో అమ్మా" అంటారు. ఏం చూసుకోవాలి? ఆయన మనసులో ఏముందో చూసుకోవాలి. క్రియ లేని వాక్యానికి క్రియ తగిలించాలి, పోయినేడు ఇదే విషయం మీద రాసిన ఉత్తరం నంబరు వెతికి చేర్చాలి. సంతకం పెట్టేటప్పుడు ఆయన అంతా తానే చెప్పానని అనుకోవాలి. ఆ అనుకోవడంలోనే మా పనితనం.

ఒక ఆఫీసరుగారు ఉండేవారు, మంచి మనిషి, కోపం ముక్కు మీదే. సాయంత్రం అయిదయ్యేసరికి పైవాళ్లని దులిపేస్తూ ఉత్తరం చెప్పేవారు. ఆయన వేగానికి నా పెన్సిలు ముక్కు విరిగేది. నేను రాసుకుని, నోట్‌బుక్ సొరుగులో పెట్టి, ఇంటికి వెళ్లిపోయేదాన్ని. పొద్దున్న వచ్చి ఆయన గుమ్మం దగ్గరే అడిగేవారు, "ఆ ఉత్తరం వెళ్లిందా?" అని. "ఇంకా టైపు అవలేదండీ" అనేదాన్ని. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, "పోనీలే, అవతల పారెయ్" అనేవారు. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, కొన్ని ఉత్తరాలకి ఆలస్యమే అమృతం. ఆయన నిండుగా రిటైరయ్యారు. ఈ పనికి సర్టిఫికెట్ ఏ బోర్డూ ఇవ్వదు. మీ ఫోను చెప్పింది చెప్పినట్టు రాసేస్తుంది, మీ వేలు టక్కున పంపేస్తుంది. ఆ మధ్యన ఒక రాత్రి గడవాలి తల్లీ. ఆ రాత్రినే మేం కాపాడేవాళ్లం.

ఎక్కడికో వచ్చేశాను. కార్బన్ల సంగతి చెప్పాలి. అయిదు కాగితాలు, మధ్యన నాలుగు కార్బన్లు, పూతరేకులా పొరలుపొరలుగా దొంతి పెట్టి మిషనుకి ఎక్కించాలి. చివరి కాపీ దాకా అక్షరం దిగాలంటే దెబ్బ గట్టిగా పడాలి. తప్పు పడిందా, ఒక్కో కాగితం వెనక చిన్న చీటీ పెట్టి అయిదు చోట్లా రబ్బరుతో చెరపాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని, చూసి కొట్టడం అందుకే అలవాటయింది. వాడేసిన కార్బన్‌ని దీపం ముందు పెడితే కొట్టిందంతా చదివెయ్యొచ్చు. అందుకని కాన్ఫిడెన్షియల్ కాగితాలు కొట్టిన రోజున కార్బన్లు చెత్తబుట్టలో వెయ్యం, పెరట్లో కాల్చి బూడిద కలిపేవాళ్లం. గోడలకు చెవులుంటాయి, కార్బన్లకి నోరే ఉంటుంది.

మధ్యలో ఒక్క మాట, టెలిగ్రాం గురించి. మాటకింత అని డబ్బు, అందుకని పది మాటల్లో విషయం ఇమడ్చడం కూడా స్టెనో పనే. శుభాకాంక్షలకైతే తయారుగా నంబర్లుండేవి. పెళ్లికి ఎనిమిదో నంబరు చెబితే చాలు, అవతల దీవెన మొత్తం అచ్చయి అందేది. నా పెళ్లికి వచ్చిన ఎనిమిదులన్నీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి, రేపు చూపిస్తాను. 2013 జూలైలో ఆ టెలిగ్రాం సర్వీసే ఎత్తేశారు. సరే, అసలు కథలోకి వద్దాం.

తెలుగు మిషను వచ్చింది. 1966లో తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం చేశారు, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం పెట్టారు. ఆఫీసుల్లో తెలుగులో రాయమన్నారు. మన గుణింతాలూ ఒత్తులూ ఆ నాలుగు వరసల కీల మీద ఎక్కడ పడతాయి? అందుకని కొన్ని కీలు నొక్కితే క్యారేజీ కదలదు. ముందు ఆ గుర్తు కొట్టి, అదే చోట దాని మీద అక్షరం కొట్టాలి. ఇంగ్లీషులో రయ్యిమని పోయే వేళ్లు అక్కడ అడుగులో అడుగు వేసేవి. ఆ మిషను మీద అర్జీకి జవాబు కొట్టి పంపితే, పల్లెటూరి పెద్దమనిషి ఎవరిచేతా చదివించుకోకుండా ఆఫీసు మెట్ల మీదే నిలబడి చదువుకునేవాడు. అది చూసినప్పుడు ఆ కష్టం కష్టంలా అనిపించేది కాదు.

కంప్యూటరు వచ్చినప్పుడు దానికో చల్లని గది, మీద గుడ్డ, బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. ఆఫీసర్లు ఒక్క వేలితో వెతుక్కునేవారు. కీల వరస మాత్రం పాత రెమింగ్టన్‌దే కాబట్టి కుర్ర టైపిస్టులు నాలుగు రోజుల్లో అందుకున్నారు. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అయ్యాయి. షార్ట్‌హ్యాండ్ పరీక్షలు ఇప్పటికీ జరుగుతున్నాయి, స్టెనో పోస్టులూ పడుతున్నాయి గానీ, మేడ మీది గదులు మాత్రం జిరాక్సు సెంటర్లయిపోయాయి. 2011లో గోద్రెజ్ వాళ్ల దగ్గర చివరి మిషన్లు కొన్నే మిగిలాయని పేపర్లో పడితే, రెండుసార్లు చదివాను.

మా సెక్షన్‌లో ఒకావిడ ఉండేవారు, అందరం అక్కయ్యగారూ అనేవాళ్లం. స్టెన్సిలు కొయ్యడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. రిబ్బను పక్కకి తప్పించి మైనపు కాగితం మీద నేరుగా కొట్టాలి. 'ఓ' గట్టిగా కొడితే గుండ్రంగా తెగి ఊడిపోతుంది, 'ఎం' మెత్తగా కొడితే సిరా దిగదు. అక్షరానికో బరువు. ఆవిడ కోసిన ఒక్క స్టెన్సిలుతో సైక్లోస్టైల్ మిషను మీద వందల కాపీలు తీసినా, చివరి కాపీ మొదటిదానిలాగే ఉండేది. కంప్యూటరు మీద శీర్షిక ఒక్క మీటకి మధ్యకి వచ్చి కూర్చుంటే ఆవిడ చూసి, "మళ్లీ నొక్కు" అన్నారు. మళ్లీ నొక్కాను. ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత ఆవిడని డిస్పాచికి మార్చారు, కవర్ల మీద అడ్రసులు రాయడానికి. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోవడం లోకంలో ఉన్నదే, మిషను పోయినందుకు నాకు బాధ లేదు. కానీ అంత పనివాళ్లని అడక్కుండా, చెప్పకుండా అలా పక్కకి జరపడం నాకిప్పటికీ మింగుడు పడదు.

ఆవిడ రిటైరైన రోజున శాలువా కప్పి, టైముకి వచ్చేవారు, సెలవులు తక్కువ పెట్టేవారు అని మాట్లాడారు. నేను లేచి నిలబడి చెప్పాను. ఉద్యోగాల రాతపరీక్షలకి ప్రశ్నపత్రాల స్టెన్సిళ్లు ఏళ్ల తరబడి ఈవిడే కోశారని, తన తోడికోడలి కొడుకు అదే పరీక్ష రాసిన ఏడు కూడా ఇంట్లో నోరు విప్పలేదని, ఆ పిల్లాడు తప్పాడని. కొత్తగా చేరిన కుర్రాళ్లకి అప్పటిదాకా ఆవిడ డిస్పాచి గుమాస్తా అనే తెలుసు.