రెండుసార్లు అచ్చైన కార్డు

ఈరోజు ఒక అట్టముక్క గురించి మాట్లాడుకుందాం. 1952లో అమెరికాలో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డు. నంబరు 311, ఆటగాడు మిక్కీ మాంటిల్. 2022లో ఈ కార్డు ఒకటి వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది! మరీ తక్కువ అచ్చేశారేమో అనుకుంటాం కదా. కాదండీ.

కార్డుల్ని విడివిడిగా అచ్చెయ్యరు. పెద్ద అట్ట షీటు మీద వంద బొమ్మలు ఒకేసారి వేసి, ఆ తర్వాత కోస్తారు. ఆ ఏడాది చివరి విడతలో, అంటే 311 నుంచి 407 దాకా, ఉన్నవి 97 కార్డులే. మరి మిగిలిన మూడు గళ్ళు? ఖాళీగా వదిలేస్తే అట్ట దండగ. అందుకని మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్, ఈ ముగ్గురినీ రెండేసిసార్లు వేశారు. అంటే ఆ విడతలో మాంటిల్ మిగతావాళ్ళకి రెట్టింపు అన్నమాట!

కొరత వచ్చింది ప్రెస్సులో కాదు, దుకాణంలో. కోసిన కార్డుల్ని కలిపి, గమ్ ముక్క పెట్టి, మైనపు కాగితంలో చుట్టి అమ్మేవారు. (పిల్లలకి కావలసింది కార్డు, కంపెనీ అమ్ముకునేది గమ్!) ఈ విడత బజారుకొచ్చేసరికి ఆటల సీజను అయిపోవచ్చింది. దుకాణాలవాళ్ళు వద్దన్నారు. పెట్టెలు గోదాములో ఉండిపోయాయి. 1960లో వాటిని పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ స్వయంగా చెప్పాడు.

మిగిలిన మాంటిల్ కార్డుల్ని ఇప్పుడు వెనక్కి తిప్పి చూస్తారు. నంబరు వేసిన బంతి బొమ్మ మీద కుట్లు ఎటు తిరిగాయో చూస్తే, అది షీటులోని రెండు గళ్ళలో ఏ గడిదో తెలిసిపోతుంది.