లంక పొగాకు

గోదావరి పాయల నడుమ ఉన్న లంకల్లో పండే నాటు పొగాకును లంక పొగాకు అంటారు. ఇది చుట్టల పొగాకు. కోల్‌కతా పక్కనున్న షాలిమార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దక్షిణాదికి వచ్చేవాళ్లకు రాజమండ్రి దాటగానే వంతెన మీది నుంచి ఇసుక తిన్నెలు, వాటి పక్కన పచ్చని మెరకలు కనబడతాయి. ఈ ఆకు పుట్టిల్లు అలాంటి నేలే.

ఏటా వానాకాలంలో వరద లంకలను ముంచెత్తి, తీసేటప్పుడు కొత్త ఒండ్రు వదిలి వెళుతుంది. పైన ఒండ్రు, అడుగున ఇసుక ఉండటంతో తేమ నిలుస్తుంది కానీ నీరు నిలవదు. వరద తీశాక నారు నాటి, ఎండలు ముదరకముందే ఆకు కోస్తారు. ఎండబెట్టి ఆరబెట్టిన ఆకును కుప్ప వేసి మగ్గబెడతారు. లంక ఆకు రుచికి ఈ మగ్గబెట్టడం కొంత కారణమే అయినా, ఘాటులో పెద్ద వాటా మాత్రం ఒండ్రుదే. నేలలో, నీటిలో ఉప్పు ఎక్కువైతే ఆకులో క్లోరైడు చేరుతుంది. అలాంటి ఆకు చెమ్మ పట్టి, చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంది. పొటాష్ తగినంత ఉన్న ఆకులో నిప్పు నిలుస్తుంది. నత్రజని ఎక్కువైతే ఆకు మందమై నికోటిన్ పెరుగుతుంది. ఒకే విత్తనాన్ని సముద్రపు ఉప్పు తగిలే నేలలో ఒకసారి, మంచినీటి ఒండ్రులో ఒకసారి వేసి చూస్తే రెండు రుచులు రావడం అందుకే.

చుట్టకు పైన చుట్టే ఆకు సంగతి వేరు. అది పలచగా, సన్నని ఈనెలతో, చుట్టేటప్పుడు చిరగకుండా సాగేలా ఉండాలి. అలాంటి ఆకుకు తేలిక నేల, తేమ గాలి కావాలి. బెంగాల్ ఉత్తరాన కూచ్‌బిహార్‌లో పండే 'జాతి' రకం ఇందుకు పేరుపడింది. 1952లో అక్కడి దిన్‌హాటాలో చుట్టల పై ఆకుకూ హుక్కా పొగాకుకూ పరిశోధన కేంద్రం పెట్టారు. అమెరికాలోని కనెక్టికట్ రైతులైతే సుమత్రా ఆకుతో పోటీ పడలేక, 1900 ప్రాంతంలో చేల మీద గుడ్డ పందిళ్లు కట్టి ఆ దీవి నీడనూ తేమనూ తమ ఊళ్లోనే సృష్టించుకున్నారు. గోదావరి రైతుకు ఆ అవసరం రాలేదు. ఆయనకు కావలసింది ఘాటు, దాన్ని నది ఇచ్చింది.

ఆ ఘాటు దూరదేశాలకూ తెలుసు. 1886లో అచ్చయిన ఆంగ్లో-ఇండియన్ నిఘంటువు 'హాబ్సన్-జాబ్సన్'లో 'లంకా' అనే మాట ఉంది. గోదావరి దీవుల పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని దానికి అర్థం ఇచ్చారు. 1890లో అచ్చయిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకును గుర్తుపట్టడం గురించి చెబుతూ ఈ చుట్టనే పేర్కొంటాడు. మన లంకల పేరు లండన్ డిటెక్టివ్ నోట పలకడం చిన్న విషయం కాదు.

1910లో కలకత్తాలో మొదలైన ఇంపీరియల్ టొబాకో కంపెనీ సిగరెట్‌ను విస్తరించింది. 1920ల నుంచి గుంటూరు నల్లరేగడిలో సిగరెట్లకు వాడే వర్జీనియా పొగాకు పాకింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది. చుట్ట క్రమంగా వెనకబడింది.

అయినా ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు నేటికీ నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. ఈ అలవాటుకూ అంగిలి కాన్సర్‌కూ సంబంధం ఉందని వైద్యులు ఎప్పుడో తేల్చారు. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో అడ్డపొగ అలవాటుంటే, ఒకసారి ఆమె నోటిని డాక్టరుకు చూపించండి.