పాత బండికి కొత్త ఇంజను
(మన డెల్టా రోడ్ల మీద ఒక పనితనం చరిత్ర)

మోపిదేవి అనగానే అందరికీ సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి జ్ఞాపకం వస్తుంది. మోటారు పనిలో జీవితం గడిపిన నా వంటివాడికి గుడితోపాటు రోడ్డు కూడా జ్ఞాపకం వస్తుంది. బందరు, చల్లపల్లి వైపు నుంచి వచ్చి, మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమలోకి దిగే రోడ్డు అది. ధాన్యం బస్తాలు, చేపల బుట్టలు, పెళ్ళివారు, మొక్కుబడి భక్తులు అందరూ దాని మీదనే ప్రయాణం చేశారు. వారిని మోసిన బండ్లలో చాలావాటికి పైన ఉన్న పేరు ఒకటి, లోపల ఉన్న ఇంజను మరొకటి.

ఆర్.టి.సి. గ్యారేజీలో 1974లో చేరి 2010లో పదవీ విరమణ చేశాను. నేను చేరేనాటికి, ప్రైవేటు బస్సుల కాలంలో పని నేర్చిన పెద్దలు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. వారి దగ్గర విన్నది, తరువాత నేను చేతులతో చేసినది కలిపి ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు చెప్పదలచాను. అరిగిపోయిన బండికి మరో ఇంజను పెట్టి మళ్ళీ రోడ్డెక్కించడం మన డెల్టాలో సరదా కోసం పుట్టలేదు, అవసరం కోసం పుట్టింది. ఆ పనిలో ఎందరి ప్రాణాలో ఆధారపడి ఉన్న ఒక నియమం ఉంది. దాన్ని ఇప్పటి పిల్లలకు తెలియజెప్పడం మన వంతు అని నా నమ్మకం.

బొగ్గు గ్యాసు రోజులు

మొదటి మార్పిడి రెండవ ప్రపంచ యుద్ధం తెచ్చింది. పెట్రోలుకు రేషను పెట్టేసరికి బస్సుల వెనుక బొగ్గు గ్యాసు పొయ్యిలు వెలిశాయి. చాలీచాలని గాలితో బొగ్గును కాలిస్తే కార్బన్ మోనాక్సైడు వాయువు పుడుతుంది. దాన్ని వడగట్టి గొట్టం ద్వారా ఇంజనులోకి పంపేవారు. బండి కదలాలంటే ముందు క్లీనరు కూర్చుని పొయ్యి రాజేయాలి. ఇంజను బలంలో మూడోవంతు దాకా తగ్గిపోయేది. వంతెనల దగ్గర ఎత్తు ఎక్కలేక ఆగితే ప్రయాణికులు దిగి తోసేవారని పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. బలం తగ్గినా బండి ఆగకుండా నడిచింది. అదే అప్పటికి గొప్ప.

యుద్ధం ముగిశాక సైన్యం మిగులు బండ్లను డిస్పోజల్స్ కింద వేలం వేశారు. కెనడా దేశం ఒక్కటే ఆ యుద్ధంలో ఎనిమిది లక్షలకు పైగా సైనిక వాహనాలు తయారు చేసింది. ముక్కు చప్పిడిగా ఉండే ఆ ఫోర్డు, షెవర్లే లారీలు మన దేశమంతటా సివిలు రోడ్ల మీదికి వచ్చాయి. వాటిలో షెవర్లేకు ఆరు సిలిండర్ల ఇంజను, 85 గుర్రాల శక్తి. ఫోర్డుకు ఎనిమిది సిలిండర్లు, 95 గుర్రాలు. సైనికుల కోసం చేసిన బాడీని విప్పేసి, మన వడ్రంగులు టేకు చట్రం కట్టి, రేకు తొడిగి లారీలుగా, బస్సులుగా మార్చారు. ఇది రెండవ మార్పిడి.

విడిభాగాలు ఆగిన నాడు

మూడవది అసలైనది. జనరల్ మోటార్సు వారు 1928 నుంచి బొంబాయిలో, ఫోర్డు వారు 1926 నుంచి మన దేశంలో బండ్లు బిగించి అమ్మేవారు. స్వాతంత్ర్యం వచ్చాక, ఇక్కడే తయారుచేసే కార్యక్రమం ఉన్నవారికే అవకాశం అని ప్రభుత్వం విధానం మార్చింది. దానితో 1953–54 ప్రాంతంలో ఆ రెండు కంపెనీలూ దుకాణం కట్టేశాయి. కంపెనీ పోయింది గాని, వారు అమ్మిన బండ్లు మన రోడ్ల మీదే ఉన్నాయి. పిస్టను అరిగితే పిస్టను లేదు, క్రాంకు విరిగితే క్రాంకు లేదు. ఆపైన పెట్రోలు ఖర్చు.

అప్పుడు దొరికిన దారి పెర్కిన్సు పి–6 డీజిలు ఇంజను. ఇంగ్లండులోని పీటర్‌బరో పట్టణంలో ఫ్రాంక్ పెర్కిన్సు 1932లో స్థాపించిన కంపెనీది అది. తరువాత మద్రాసులో సింప్సన్ వారు ఆ ఇంజన్లను తయారు చేశారు. ఆరు సిలిండర్లు, 83 గుర్రాల శక్తి. కాగితం మీద చూస్తే పాత షెవర్లే ఇంజను కన్నా ఎక్కువేమీ కాదు. కాని పెట్రోలు ఇంజను ఆ శక్తి ఇవ్వాలంటే నిమిషానికి మూడు వేల చుట్లు దాటి తిరగాలి. పి–6 కు 2,400 చుట్లు చాలు. తక్కువ చుట్లలోనే గట్టిగా లాగుతుంది. నిండు బస్తాలతో బురదలో దిగిన లారీకి కావలసింది ఆ లాగుడే. నూనె ఖర్చు కూడా బాగా తగ్గింది.

ఇదే కాలంలో అమెరికాలో కుర్రాళ్ళు సరిగ్గా ఇదే పని మరో ఉద్దేశంతో చేశారు. ఫోర్డు వారు 1932లో చవకగా ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చారు. పాత బండి కొని, దానిలో ఆ ఇంజను దింపి, కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద పందాలు పెట్టుకునేవారు. 1948 జనవరిలో ఆ పిచ్చికి ‘హాట్ రాడ్’ అనే పత్రికే పుట్టింది. అదే సంవత్సరం వచ్చిన ఫోర్డు ఎఫ్–1 పికప్పుకు ఎనిమిది సిలిండర్ల ఇంజను పెడితే 100 గుర్రాల శక్తి. 1955లో వచ్చిన షెవర్లే ఎనిమిది సిలిండర్ల ఇంజను 162 గుర్రాలతో మొదలయింది. ఇప్పుడు అలాంటి పాత పికప్పులలోనే 400 గుర్రాలు దాటిన ఇంజన్లు బిగిస్తున్నారు. మన మనవలు ఫోనులో చూసి ముచ్చటపడేది వీటినే.

వారికి వేగం కావాలి, మనకు బరువు లాగాలి. పనివాడి ముందున్న చిక్కు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇంజను మారిస్తే పని అయిపోదు

బయటివారు ఇంజను మార్పిడి అంటే పాతది దించి కొత్తది ఎత్తడమే అనుకుంటారు. అది పనిలో నాలుగోవంతు కూడా కాదు.

డీజిలు ఇంజను బరువెక్కువ. ముందు కమాను కట్టలకు అదనంగా పట్టా వేయకపోతే బండి ముక్కు వాలుతుంది. ఇంజను వెనుక భాగానికీ గేరు బాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక మందపు ఇనుప పలక పెట్టి, లేతు మీద తరిగి, రెండింటి నడిమి గీత వెంట్రుకవాసి తేడా లేకుండా కుదర్చాలి. తేడా వస్తే క్లచ్చు కాలుతుంది, గేరు బాక్సు బేరింగులు పోతాయి. ఇంజను ముందుకో వెనక్కో జరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు కోసి అతికించాలి. అతికిన షాఫ్టును బ్యాలెన్సు చూడకపోతే బండి వణుకుతుంది. డీజిలు తక్కువ చుట్లు తిరుగుతుంది గనుక క్రౌన్–పినియన్ పళ్ళ లెక్క మార్చకపోతే బండి నత్తనడక నడుస్తుంది. పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని ఆరేడు రెట్లు నొక్కితే చాలు, డీజిలులో గాలిని పదహారు రెట్లకు పైగా నొక్కాలి. కాబట్టి చలికాలం తెల్లవారుజామున దాన్ని తిప్పడానికి పాత బ్యాటరీ, పాత స్టార్టరు చాలవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. పాత అమెరికన్ లారీల బ్రేకుకు సాయం చేసే వ్యాక్యూమ్, పెట్రోలు ఇంజను గాలి పీల్చే గొట్టం నుంచే దొరికేది. డీజిలు ఇంజనులో ఆ పీల్పు ఉండదు. దానికి విడిగా ఎగ్జాస్టరు అనే పంపు పెట్టాలి. అది పెట్టకుండా బండి తోలితే పెడలు రాయిలా ఉంటుంది. డ్రైవరు లేచి నిలబడి తొక్కినా బండి ఆగవలసిన చోట ఆగదు.

ఇంకొక లెక్క కూడా మా పెద్దలు నేర్పారు. వేగం రెట్టింపయితే బండిలోని ఊపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. గంటకు ముప్పై మైళ్ళ బండికి సరిపోయిన బ్రేకు అరవై మైళ్ళకు చాలదు. అందుకే మంచి మేస్త్రి పని అప్పజెప్పగానే ఇంజను వైపు చూసేవాడు కాదు. ముందు ఛాసిస్ కింద దూరి పగుళ్ళు చూసేవాడు, తరువాత స్టీరింగు, ఆ తరువాత బ్రేకు డ్రమ్ములు. ఇంజను చివరికి. అమెరికాలో పాత పికప్పును శ్రద్ధగా తిరగకట్టేవారు కూడా అదే వరుస పాటిస్తారు. ముందు చట్రం బలపరచి, డ్రమ్ముల స్థానంలో డిస్కు బ్రేకులు వేసి, ఆ తరువాతే పెద్ద ఇంజను దింపుతారు.

దివిసీమలో దీనికి ఉప్పు తోడయింది. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మన పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. సముద్రపు నీట మునిగిన బండి పైకి బాగానే కనబడుతుంది. ఛాసిస్ మడతల్లో, బ్రేకు గొట్టాల్లో, వైర్ల చివర్లలో ఉప్పు నిలిచి నెలల తరబడి లోపలినుంచి తింటుంది. అలాంటి బండికి రంగు వేసి ఇంజను మార్చడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు.

వేపచెట్టు కింది జీపు

మన సభ్యులలో చాలామందికి ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద తుప్పుపట్టిన జీపు జ్ఞాపకం ఉంటుంది. కండెమ్ చేసి వేలం వేసిన ఆ పెట్రోలు జీపులే 1980లలో నాలుగవ మార్పిడికి ముడిసరుకు అయ్యాయి. మహీంద్రా వారు 1947 నుంచి విల్లీస్ జీపులను మన దేశంలో బిగించారు. యుద్ధకాలపు విల్లీస్ ఇంజను 60 గుర్రాలది. వేలంలో కొన్నవారు దాన్ని తీసేసి మేటడార్ వ్యానుకు వచ్చే డీజిలు ఇంజను పెట్టించేవారు. అది 40 గుర్రాలకు అటూ ఇటూ. అంటే బలం తగ్గింది! అయినా లీటరుకు నడిచే దూరం బాగా పెరిగింది, డీజిలు ధర పెట్రోలు ధర కన్నా తక్కువ. బండి యజమానికి కావలసింది అదే. తరువాత మహీంద్రా వారే ప్యూజో డీజిలు ఇంజనుతో జీపులు తెచ్చారు.

ఈ పనికి బెజవాడలోని జవహర్ ఆటోనగర్ పెద్ద బడి. 1960లలో మొదలైన ఆ పేటలో బోరు చేసేవాడు, క్రాంకు గ్రైండు చేసేవాడు, పంపు కాలిబ్రేషను చేసేవాడు, బాడీ కట్టేవాడు పక్కపక్కనే ఉండడం వల్ల ఒక బండి గేటులో తుక్కుగా వెళ్ళి బస్సుగా బయటికి రావడం సాధ్యమయింది. బందరు, గుడివాడ షెడ్లలో పెద్ద పని తగిలితే అక్కడికే పంపేవారు.

ఇక్కడ ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. ఎనిమిదిమందికి చేసిన జీపును వెనుక సాగదీసి, పదిహేనుమందిని ఎక్కించి, పాత బ్రేకులతోనే తిప్పిన బండ్లు మన రోడ్ల మీద ఎన్నో ఉండేవి. మేస్త్రి వద్దన్నా యజమాని వినని సందర్భాలు నా కంటితో చూశాను. బ్రేకుకు పెట్టిన డబ్బు అద్దెగా తిరిగిరాదు గదా అనేవారు. ఆర్.టి.సి.లో మాకు ఆ స్వేచ్ఛ లేకపోవడం ప్రయాణికుల అదృష్టం. బ్రేకు పరీక్ష కాగితం మీద సంతకం పడకుండా బండి గేటు దాటేది కాదు. ఆ సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. మన కృష్ణా జిల్లా బస్సు యజమానులు జాతీయకరణను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళి 1958 నవంబరులో గెలిచారు, మళ్ళీ విచారణ జరిగాక 1959లో ఓడారు. ఆ వివాదంలో ఎవరి న్యాయం వారిది. క్రమం తప్పని తనిఖీ మాత్రం ప్రజలకు మిగిలిన లాభం అని నా అభిప్రాయం.

చట్టం ఏమంటున్నది

1939 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను అధికారి అనుమతితో బండిలో మార్పులు చేసుకోవచ్చు. 1988 చట్టంలోని 52వ సెక్షనును 2000లో సవరించాక, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం నిషేధం అయింది. అదే తయారీ, అదే రకం ఇంజను అనుమతితో మార్చుకోవచ్చు, ఆమోదం పొందిన వేరే ఇంధనపు కిట్టు పెట్టుకోవచ్చు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అక్రమంగా మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. హర్యానాలోని మండీ డబ్వాలీ మార్పు చేసిన జీపులకు పేరుపొందింది. అలాంటి బండి కొనాలని ఇంట్లో పిల్లలు అడిగితే, ముందు ఆర్.సి.లో ఉన్న ఇంజను నంబరూ బండిలో ఉన్న నంబరూ ఒకటేనా అని చూడమనండి. తేడా ఉంటే ప్రమాదం జరిగిన నాడు ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కు వస్తుంది.

ఈ విధంగా ఆనాటి పనితనానికి చట్టంలో చోటు తగ్గింది. అది సరైనదే. కాని ఆ పనివాళ్ళ చరిత్ర తుక్కుతోపాటు పోనక్కరలేదు. నిజాం కాలపు 1932 నాటి ఆల్బియన్ బస్సును ‘డెక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదులో భద్రపరిచారు. మన వైపు బండ్లు నిలవకపోయినా కాగితాలు నిలబెట్టుకోవచ్చు. పాత ఆర్.సి. పుస్తకాలలో ఫలానా తేదీన పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టినట్లు అధికారి సంతకంతో రాసి ఉంటుంది. మీ ఇంట్లో తండ్రిగారిదో తాతగారిదో అలాంటి పుస్తకం, పర్మిట్టు, లారీ పక్కన దిగిన ఫోటో ఉంటే పారవేయకండి. తరువాతి సంఘ సమావేశానికి తీసుకురండి. ఆ బండి ఎక్కడ తిరిగింది, ఏ షెడ్డులో మార్చారు, తోలినవారెవరు అన్న వివరాలు తెలిసినవారు మనలో ఇంకా కొందరున్నారు. వారుండగానే రాసిపెట్టుకుందాం.