చిన్న కారు... పెద్ద మోత

హ్యాచ్‌బ్యాక్ అంటే డిక్కీకి వేరే గది లేని కారు. వెనక సీటు వీపు దాటగానే సామాను చోటు మొదలవుతుంది. డిక్కీ తలుపు లేపితే దానితో పాటు వెనక అద్దం కూడా లేస్తుంది. సీటు మడిస్తే మనుషులు కూర్చునే చోటు కూడా సామానుకే దక్కుతుంది. ఉన్న కాస్త జాగానే అవసరాన్ని బట్టి మార్చుకునే ఈ వీలు వల్లే చిన్న కారు నలభై ఏళ్లలో నగరాలు దాటి ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లకు చేరింది. కురిచేడు, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతంలో కారు ఉన్నది ఆసుపత్రికీ, పెళ్లికీ, శ్రీశైలానికీ మాత్రమే కాదు. యూరియా బస్తా, మంచినీళ్ల క్యాను, బియ్యం మూట కూడా అందులోనే రావాలి. అందుకే డిక్కీలో ఎంత పడుతుంది, లోపలి సీట్లూ ప్లాస్టిక్కూ ఎన్నాళ్లు మన్నుతాయి అన్నవి ఇక్కడ పైపై ప్రశ్నలు కావు.

రైలు పెట్టె నుంచి కారు డిక్కీకి

ఈ ప్రాంతానికి మొదటి పెద్ద రవాణా సాధనం రైలు. 19వ శతాబ్దం చివర్లో పడిన గుంటూరు–నంద్యాల మీటర్ గేజి మార్గం వినుకొండ దాటి కురిచేడు, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల వైపు సాగుతుంది. 1990లలో అది బ్రాడ్ గేజిగా మారింది. స్టేషను నుంచి ఊరికి, ఊరి నుంచి పొలానికి ఎడ్లబండే దిక్కు. ఆ తర్వాత వచ్చిన అంబాసిడర్ ట్యాక్సీకి 4.3 మీటర్ల పొడవు, వెనక విడిగా డిక్కీ, పైన క్యారియర్ ఉండేవి. పెళ్లివారి సామాను క్యారియర్ మీదికీ, మనుషులు లోపలికీ. అంబాసిడర్ లోపల చోటుకు లోటు లేదు గానీ, సొంతానికి కొని మేపడం మధ్యతరగతి ఇంటికి మోయలేని బరువు.

ఇంజను పక్కకు తిరిగింది

చిన్న కారులో చోటు మిగలడానికి మూలం ఐరోపాలో ఉంది. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారుకు అలెక్ ఇసిగోనిస్ ఇంజన్ను అడ్డంగా తిప్పి అమర్చాడు. ముందు చక్రాలనే నడిపించాడు. దాంతో ముందు భాగం కురచ అయింది, వెనక చక్రాలకు వెళ్లే పొడవాటి షాఫ్టు అక్కర లేకుండా పోయింది. దాదాపు 3 మీటర్ల కారులో నేలలో సింహభాగం మనుషులకూ సామానుకూ దక్కింది. 1961లో రెనో 4 వెనక వైపు పైకి లేచే పెద్ద తలుపు పెట్టింది. 1964లో ఇటలీలో డాంటే జకోజా రూపొందించిన ఆటోబియాంకి ప్రిములా, అడ్డం ఇంజను పక్కనే గేరుబాక్సును అమర్చే పద్ధతి తెచ్చింది. నేటి చిన్న కార్లన్నీ దాదాపు ఇదే అమరికతో నడుస్తున్నాయి. 1974 నాటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌తో ఈ ఆకారం ప్రపంచమంతా పాకింది.

మారుతి 800 తెచ్చిన అలవాటు

భారతదేశానికి ఈ పద్ధతిని తెచ్చింది సుజుకి. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు యజమానికి అందాయి. అందులో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ఉండేది. 1986లో వచ్చిన రెండో రూపం పొడవు 3,335 మిల్లీమీటర్లు, అంటే అంబాసిడర్ కంటే దాదాపు మీటరు తక్కువ. ఆ తగ్గిన మీటరులో ఎక్కువ భాగం కోత పడింది డిక్కీ మీదే. నలుగురు కూర్చున్నాక వెనక రెండు సంచులు, ఒక చిన్న సూట్‌కేసు పట్టేవి. మిగతాది ఒళ్లో పెట్టుకోవాల్సిందే.

అయినా ఆ కారు లోపలి భాగం మొండిది. మామూలు మోడల్లో రెక్సిన్ సీట్లు, నేల మీద రబ్బరు మ్యాట్లు, తలుపుల పైభాగాన రంగు వేసిన ఇనుప రేకు బయటికే కనిపించేవి. చూడ్డానికి పేదగా ఉన్నా, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమయ్యేవి. రేకుకు పగుళ్లు రావు, రెక్సిన్ చిరిగితే పట్నంలో సీట్లు కుట్టే కొట్టులో మర్నాటికి కొత్తది వేసి ఇస్తారు. కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో దీని అమ్మకాలు ఆగాయి. తయారీ పూర్తిగా ఆగింది 2014 జనవరిలో. ఈలోగా దేశంలో 26 లక్షలకు పైగా బండ్లు అమ్ముడయ్యాయి. నగరంలో పాతబడిన 800 చేతులు మారి పల్లెకు రావడంతోనే చాలా ఇళ్లలోకి మొదటి కారు అడుగు పెట్టింది.

చోటే సరుకైన కాలం

1998 చివరి నెలల్లో రెండు కార్లు ఈ లెక్క మార్చాయి. సెప్టెంబరులో చెన్నై దగ్గరి కర్మాగారం నుంచి హ్యుందాయ్ శాంట్రో వచ్చింది. ఎత్తయిన కప్పు దాని ప్రత్యేకత. డిసెంబరులో టాటా ఇండికా వచ్చింది. మారుతి జెన్ అంత పొడవులో అంబాసిడర్ అంత లోపలి చోటు, పైగా డీజిల్ ఖర్చు ఉండాలన్నది రతన్ టాటా లక్ష్యం. వెనక సీట్లో ముగ్గురు భుజాలు తగలకుండా కూర్చోగలగడం, 1,405 సీసీ డీజిల్ ఇంజను ఉండడంతో ఇండికా తెలుగు పట్టణాల్లో ట్యాక్సీగా స్థిరపడింది. మరుసటి ఏడాది మారుతి వ్యాగన్ ఆర్ వచ్చింది. పొడవు పెంచలేనప్పుడు ఎత్తు పెంచడం, మనిషిని కుర్చీలో లాగా నిటారుగా కూర్చోబెట్టడం, అలా మిగిలిన చోటును వెనక్కి నెట్టడం ఈ కార్ల ఉపాయం.

2006 బడ్జెట్ ఈ పోటీకి గీత గీసింది. పొడవు 4 మీటర్లు మించకుండా, పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిల్ ఇంజను 1,500 సీసీ లోపు ఉంటే ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. 2017లో జీఎస్టీ వచ్చాక కూడా ఆ నాలుగు మీటర్ల గీత అలాగే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత లోపలి కార్ల మీద పన్ను 18 శాతం అయింది. నాలుగు మీటర్ల లోపే ఇంజనూ, ఐదుగురూ, సామానూ సర్దాలి గనక డిక్కీ సైజును డిజైనరు ఎంత తేల్చాడో పన్ను చట్టం కూడా అంతే తేల్చింది.

ఆ గీతకు చాలా లోపలే ఉండి దెబ్బతిన్న కారు టాటా నానో. 2009లో వచ్చిన ఆ 3.1 మీటర్ల బండికి ఇంజను వెనక ఉండేది, వెనక తలుపు తెరుచుకునేది కాదు. ఏ సామానైనా పక్క తలుపుల్లోంచి ఎక్కించి, వెనక సీటు వీపు వంచి అవతల పెట్టాలి. 2015లో తెరుచుకునే తలుపు పెట్టారు గానీ, చోటు 110 లీటర్లే. అప్పటికే కొనేవాళ్లు వేరే కార్ల వైపు మళ్లారు.

లీటర్ల లెక్క, కిలోల లెక్క

కంపెనీలు డిక్కీని లీటర్లలో చెబుతాయి. జర్మనీ వాహన పరిశ్రమ సంఘం పద్ధతిలో 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 ఎత్తున్న దిమ్మెలను డిక్కీలో పేరుస్తారు. ఒక్కో దిమ్మె ఒక లీటరు. మామూలుగా వెనక ట్రే ఎత్తు వరకే పేరుస్తారు. ఆ లెక్కన ఆల్టో 800 డిక్కీ 177 లీటర్లు, 2018 స్విఫ్ట్ 268, 2019 వ్యాగన్ ఆర్ 341.

దిమ్మెలు మూలమూలల్లో సర్దుకుంటాయి, బస్తా సర్దుకోదు. చక్రాల మీది గుబ్బలు రెండు వైపులా లోపలికి పొడుచుకొస్తాయి. కాబట్టి అడ్డంగా పెట్టే వస్తువుకు ఆ గుబ్బల మధ్య వెడల్పే అసలు కొలత. డిక్కీ అంచు ఎత్తు మరో కొలత. చాలా చిన్న కార్లలో బంపరు పైన రేకు అంచు మోకాలికి బాగా పైన ఉంటుంది. లోపలి నేల దానికంటే పల్లంలో ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తాను ఆ అంచు దాకా ఎత్తి, లోపలికి దించాలి. తీసేటప్పుడు మళ్లీ పైకి లాగాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైన ఈ ప్రాంతంలో 20 లీటర్ల క్యాన్లు తెచ్చుకునే ఇళ్లకు ఈ అంచు సంగతి బాగా తెలుసు. క్యాను నిలబెట్టాలంటే ట్రే తీసేయాలి, పడుకోబెడితే మూత దగ్గర కారుతుంది.

బరువు లెక్క వేరు. పడమటి ప్రకాశంలోని రెండు సరుకులు దీన్ని బాగా చూపిస్తాయి. మిరపకాయ తేలిక, చోటు ఎక్కువ కావాలి. 40 కిలోలు దాటే ఒక్క టిక్కీ (మిరప బస్తా) చిన్న కారు డిక్కీలో పట్టదు, వెనక సీటు మడిస్తే గానీ లోపలికి రాదు. మార్కాపురం పలక దీనికి పూర్తిగా ఎదురు. పలకరాయి నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువు. 177 లీటర్ల డిక్కీని పలకలతో సందు లేకుండా నింపితే అవి 475 కిలోలు దాటుతాయి. చిన్న కారు డ్రైవరుతో కలిపి మోయగల మొత్తం బరువే మామూలుగా 400 నుంచి 500 కిలోలు. ఐదుగురు కూర్చున్నాక మిగిలే బరువు రెండు మూడు యూరియా బస్తాలకు మించదు. దాన్ని మీరితే వెనక భాగం కుంగి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది, రాత్రి లైట్లు రోడ్డు మీద కాక ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి. బరువైన వస్తువును సీటు వీపుకు ఆనించి, కింద పెట్టి, కట్టేయడం ఎంత దగ్గరి ప్రయాణానికైనా అవసరం. గట్టిగా బ్రేకు వేస్తే వదులుగా ఉన్న బస్తా ముందుకే వస్తుంది.

ఎండ పెట్టే పరీక్ష

లోపలి సరంజామాకు పెద్ద శత్రువు ఎండ. అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు వేసవిలో కార్లను ఎండలో నిలిపి కొలిచి 2018లో ఫలితాలు ప్రకటించారు. గంటలో లోపలి గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్, స్టీరింగు 53, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. మార్కాపురం వేసవి కూడా ఆ ఎడారి వేసవికి పెద్దగా తీసిపోదు.

ఆ వేడికి ఒక్కో పదార్థం ఒక్కో తీరుగా లొంగుతుంది. రెక్సిన్‌ను మెత్తగా ఉంచే రసాయనం వేడికి ఆవిరై ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొరలా పేరుకుంటుంది. రసాయనం పోయిన రెక్సిన్ బిరుసెక్కి కుట్ల దగ్గర చిట్లుతుంది. కప్పుకు అంటించిన బట్ట వెనక పలుచని స్పాంజి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పొడిపొడి అయ్యి, బట్ట జారి వేలాడుతుంది. అప్పుడు జిగురు పూసినా నిలవదు, పాత స్పాంజి గీకేసి కొత్త బట్ట వేయాలి. గట్టి ప్లాస్టిక్‌లో కలిపే నల్లటి కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. అందుకే సాదా నల్ల డ్యాష్‌బోర్డు ఎండకు ఎక్కువ కాలం తట్టుకుంటుంది, అయితే వేడి కూడా అదే ఎక్కువ పడుతుంది. మెత్తగా తగిలేలా పైపూత వేసిన బటన్లు, హ్యాండిళ్లు కొన్నాళ్లకు జిగటగా మారి వేళ్లకు అంటుకుంటాయి. పాత కార్ల తలుపు ప్యాడ్లకు వాడిన చెక్కపొట్టు అట్ట వాన నీళ్లకు ఉబ్బుతుంది. సీట్లలో ముందుగా కుంగేది డ్రైవరు సీటు బయటి అంచు, ఎక్కుతూ దిగుతూ రాసుకునేది అదే కదా.

దుమ్ము, ఘాటు, ఎరువు

మట్టి రోడ్డు మీద హ్యాచ్‌బ్యాక్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. వెనక భాగం నిట్టనిలువుగా తెగినట్టు ఉండడంతో, కారు నడుస్తుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్ము అక్కడే సుడి తిరిగి అద్దానికి పడుతుంది. డిక్కీ తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ గట్టిపడి నలిగితే ఆ దుమ్మే సన్నటి సందుల్లోంచి లోపలికి వస్తుంది. డిక్కీ మ్యాటు మీద తలుపు అంచు పొడవునా ఎర్రటి గీత కనిపిస్తే బీడింగ్ పోయినట్టే. ఖర్చు తక్కువ, మార్చితే దుమ్ముతో పాటు వాన నీళ్లూ ఆగుతాయి.

మిరపకాయల ఘాటు గుడ్డ సీట్లలో, ఏసీ గొట్టాల్లో రోజుల తరబడి నిలుస్తుంది. ఒకసారి మిరపకాయ తెచ్చిన కారులో ఏసీ వేస్తే తుమ్ములు, దగ్గు. దట్టమైన టార్పాలిన్ పరిచి సంచి మూతి కట్టడం, తర్వాత ఏసీ ఫిల్టరు మార్చడం దీనికి మందు. యూరియా గాలిలో తేమ పీల్చుకుని నీరౌతుంది, పొటాష్‌లోని క్లోరైడు ఇనుమును తింటుంది. చిరిగిన బస్తా నుంచి రాలిన ఎరువు స్టెప్నీ గుంటలోకి జారి తడితో కలిస్తే ముందుగా తుప్పు పట్టేది అక్కడే. పురుగుమందు సీసాలు మాత్రం మూత ఎంత బిగించినా మనుషులతో పాటు మూసిన కారులో ఉండకూడదు. వేడికి ఆవిర్లు లోపలే తిరుగుతాయి.

సిలిండరు తిన్న డిక్కీ

ఇంధన ఖర్చు తగ్గించే సీఎన్‌జీ డిక్కీని మళ్లీ కుదించింది. 60 లీటర్ల నీరు పట్టే ఒక్క పెద్ద సిలిండరు పెడితే వెనక మిగిలేది చేతిసంచులకే సరిపోతుంది. 2023లో టాటా ఆల్ట్రోజ్‌లో రెండు చిన్న సిలిండర్లను డిక్కీ నేల కింద అమర్చి, స్టెప్నీని కారు అడుగున వేలాడదీసి, పైన 210 లీటర్లు మిగిల్చారు. పెట్రోలు మోడలు కంటే ఇది తక్కువే అయినా చదునైన నేల ఉండడంతో బస్తా పడుకుంటుంది.

పాత కారు చూసేటప్పుడు

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరుస వచ్చింది గనక ప్రకాశం జిల్లా పాత ఏపీ 27 నంబరున్న కార్లన్నీ అంతకు ముందువే. అలాంటి బండి కొనేటప్పుడు కొత్త సీటు కవర్లు, మెరిసే డ్యాష్‌బోర్డు పాలిష్ వయసును దాచేస్తాయి. మ్యాటు ఎత్తి స్టెప్నీ గుంటలో తుప్పు ఉందేమో చూడాలి. డిక్కీ తలుపు ఎత్తి వదిలితే దానంతట అది నిలబడాలి, జారితే గ్యాసు రాడ్లు పోయినట్టు. వెనక సీటు మడిచి మళ్లీ నిలబెట్టి, కొక్కెం గట్టిగా పడుతుందో లేదో లాగి చూడాలి. ఇన్నాళ్లూ మోసిన బరువుకు గుర్తులు మిగిలేది ఈ మూడు చోట్లే. ఇవి బాగుంటే సీట్ల చిరుగులూ, కప్పు బట్టా తర్వాత బాగు చేయించుకునేవే.